పడవ ఇంజిన్‌ని పడుకోబెట్టే రోజు

ఇవాళ పొద్దున మా వీధిగేటు తాళంకప్పలోకి తాళంచెవి దూరలేదు. తుప్పు పట్టిందేమో అనుకున్నాను. అనుకోవడం పరీక్ష కాదు గనక కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాను. రంధ్రం నిండా ఎర్రమట్టి, దాని పైన వేలితో దిద్దినంత నున్నటి మూత. మట్టి ఉండలు మోసుకొచ్చి ఎక్కడ కన్నం కనబడితే అక్కడ గూడు కట్టే సన్ననడుము కందిరీగ చేసిన పని అది. మావాళ్ళు దాన్ని కుమ్మరిపురుగు అంటారు. పక్కింటి మావయ్య మాత్రం ‘ఇన్‌స్పెక్టరమ్మ’ అనేవారు. కన్నమన్నది ఉంటే లోపల దూరి చూడకుండా వదిలిపెట్టదు గదా అని ఆయన వివరణ.

“వొచ్చీసినాది తల్లీ, ఇన్‌స్పెక్టరమ్మ వొచ్చీసినాది! మూసీవలసినవన్నీ మూసీండర్రా!”

గోడ అవతల నుంచి ఆ కేక వస్తుందని నా చెవి ఒక్క క్షణం ఎదురుచూసింది. రాదని నాకు తెలుసు. మొన్నటి వానల్లో ఆయన శవపేటిక వెనక సమాధుల తోట దాకా నడిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. అయినా చెవికి తర్కం నేర్పడం కష్టం.

ఆయన మాకు బంధువు కారు. ఆయన తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి రైలుపనికి బెంగాల్ వచ్చి ఇక్కడ చర్చి నిలబెట్టుకున్నవాళ్ళలో ఒకరు. మా తాతగారు రైల్వే ఆఫీసు గుమాస్తాగా వచ్చి గుడి నిలబెట్టుకున్నవాళ్ళలో ఒకరు. పూరీ గేట్ అనే రైలుగేటు దగ్గర మా రెండిళ్ళకీ ఉమ్మడిగా ఒక గోడ ఉంది. వరసలు కలుపుకోవడానికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి అంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు. ఆయన మావయ్య, ఆవిడ అత్తయ్య. వర్క్‌షాపు ప్రయోగశాలలో ఇంజిన్ నూనెలు పరీక్షించే ఉద్యోగం చేసినదాన్ని కనక ఆయనకి నేను ‘లేబ్ తల్లి’.

మావయ్య పొట్టి మనిషి. చేతులు మాత్రం ఎవరో పొడుగాటి మనిషి కోసం చేసినవి పొరపాటున ఈయనకి అమర్చినట్టు ఉండేవి. ఏ యంత్రం దగ్గరికి వెళ్ళినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసే డాక్టరులా తల కొంచెం పక్కకి వాల్చేవారు. మా ఇంటి మిక్సీకీ ఆ మర్యాద దక్కింది. ఉద్యోగం రైలింజిన్ డ్రైవరు. “ఇప్పుడు లోకో పైలెట్ అనాలి మావయ్యా” అని ఎవరైనా సరిదిద్దబోతే, “పైలెట్ ఎగురుతాడు. నాను పట్టా మీద కూకున్నోణ్ణి” అనేవారు.

ఇంజిన్ గదిలో ఒక నియమం ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు చెయ్యెత్తి దాని రంగును పైకి పలకాలి. పక్కనున్న అసిస్టెంటు తానూ చూసి, తానూ చెయ్యెత్తి, ఆ మాటే తిరిగి పలకాలి. రెండు గొంతులూ కలిసినప్పుడే ఆ రంగు ఖాయమైనట్టు. ఈ నియమమంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఒకే కొలతను ఇద్దరు విడివిడిగా తీసుకుని పోల్చుకోవడం ప్రయోగశాలలో మేమూ చేసే పనే. అయితే మావయ్య ఈ నియమాన్ని ఇంజిన్ గదిలో వదిలిపెట్టి దిగలేదు, ఇంటికి తెచ్చుకున్నారు.

“గ్యాస్ బంద్!” అని ఈయన వరండాలోంచి అంటే, “బంద్!” అని అత్తయ్య పెరట్లోంచి అనేది. “గడియ టైట్!” అంటే “టైట్!” అనేది. స్కూటరు మీద పూరీ గేట్ దాటేటప్పుడు ఈయన “ఆల్‌రైట్!” అని చెయ్యెత్తడం, వెనక కూర్చున్న ఆవిడ సంచీ పట్టుకున్న చెయ్యే ఎత్తి “ఆల్‌రైట్!” అనడం వీధిలో అందరికీ అలవాటైన దృశ్యం. భోజనానికి ముందు ఆయన ప్రార్థన ముగించాక ఆవిడ పలికే ‘ఆమెన్’లో కూడా నాకు ఆ తిరిగి పలకడమే వినబడేది. ఇది నా ఊహ. నిరూపించలేను.

సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే ఆయన రైల్వే కళ్ళ పరీక్షలో తప్పారు. బండి మీద నుంచి దింపి, డ్యూటీకి వచ్చేవాళ్ళ హాజరు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ సంగతి నాతో ఒక్కసారే మాట్లాడారు. “ఇంజినుకి నా సెయ్యి తెలుసు తల్లీ. కళ్ళతోటి దానికి పనేటి?” అన్నారు. పనుందని నేను చెప్పబోయాను. ఆయన అప్పటికే లేచి వెళ్ళి మా పంపుసెట్టు మీద చెయ్యి ఆనించి తల వాల్చారు.

రిటైరయ్యాక పడవ కొన్నారు. చిన్న చెక్కపడవ, దాని వెనక తగిలించుకునే పెట్రోలు ఇంజిను. కాంసాయి నది వానలతో నిండి, ఆనకట్టకి ఎగువన నీళ్ళు నిలిచే నెలల్లో అది తిరిగేది. కాళీపూజ దాటాక నది సన్నబడి ఇసుకమేటలు తేలేవి. అప్పుడు పడవను వ్యాన్‌రిక్షా మీద ఇంటికి తెచ్చి పెరట్లో ఇటుకల మీద బోర్లించేవారు. చేపలు పట్టడానికే పడవ అని చెప్పేవారు గానీ, ఆ పడవలో వచ్చిన చేప కూరను నేను గోడ మీదుగా అందుకున్న జ్ఞాపకం లేదు. ఎప్పుడు వెళ్ళినా అత్తయ్యను వెంటబెట్టుకునే వెళ్ళేవారు. “అసిస్టెంటు నేకుండా బండి కదలకూడదు. రూలు” అనేవారు. ఆవిడకి ఈత రాదు. నీళ్ళంటే భయం. అయినా ఆ పడవలో ముక్కు దగ్గర, ఒడిలో టిఫిన్ క్యారియరు పెట్టుకుని, చర్చి బెంచీ మీద కూర్చున్నట్టు కూర్చునేది.

సమాధుల పండుగ మర్నాడు ఇంజిన్‌ని ‘పడుకోబెట్టేవారు’. మాట ఆయనదే. ముందురోజు వెళ్ళి తల్లిదండ్రుల సమాధులకి సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చేవారు. “నిన్న ఆళ్ళకి సున్నం, ఇయాల దీనికి గ్రీజు. పడుకున్నోళ్ళందర్నీ ఒక్కపాలే సూసుకోవాల” అనేవారు. నీళ్ళ డ్రమ్ములో ఇంజిన్ దించి, నది బురద కడిగేదాకా నడిపేవారు. పెట్రోలు గొట్టం బంద్ చేసేవారు. లోపల మిగిలిన పెట్రోలు తాగేసి ఇంజిను తనంతట తాను ఆగేది. అప్పుడు ప్లగ్గు విప్పి చెంచాడు నూనె పోసి, తాడు మెల్లగా లాగి, ఆ నూనె గోడలన్నిటికీ అంటేలా చేసేవారు. అడుగున గేరుపెట్టెలో పాత నూనె తీసి కొత్తది నింపి, కింద ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ బిగించేవారు. చివరికి కన్నాలు మూసేవారు. వాటిలో ముఖ్యమైనది, ఇంజిన్‌ని చల్లబరిచిన నీళ్ళు సన్నటి ధారగా బయటికి చిమ్మే చిన్న కన్నం. ఇన్‌స్పెక్టరమ్మకి మహా ఇష్టమైన కన్నం అది. దాంట్లో గుడ్డపీలిక కుక్కి, ఇంజిన్ తలకి పాత ఉన్నిటోపీ తొడిగి, టోపీలో కలరా ఉండలు వేసేవారు.

ఒక్కొక్క పనికీ కేక ఉండేది. “పెట్రోలు బంద్!” వంటింట్లోంచి “బంద్!” “ప్లగ్గు టైట్!” వంటింట్లోంచి “టైట్!” మా పెరట్లో కూర్చుని వింటే అది మరమ్మతులా కాక ఆరాధనలా ఉండేది.

కలరా ఉండల వాసనకి కుమ్మరిపురుగు రాదని ఆయన సిద్ధాంతం. నేను ఒక ఏడు మా వరండాలో రెండు ఖాళీ గొట్టాలు పెట్టి, ఒకదాంట్లో కలరా ఉండ వేసి చూశాను. కందిరీగ ఆ ఉండ ఉన్న గొట్టాన్నే ఎంచుకుని, ఉండని కూడా కలుపుకుని గూడు కట్టింది. పట్టుకెళ్ళి చూపించాను. ఆయన గొట్టాన్ని తిప్పితిప్పి చూసి, “ఇది బెంగాలీ పురుగు. ఉండలు మనూర్నించి తెప్పించాల” అన్నారు. నూనె మంచిదో కాదో వేళ్ళ మధ్య రుద్దితే చాలు, తెలిసిపోతుందని మరో సిద్ధాంతం. నేను గిన్నెల్లో నూనెలు పోసి, కళ్ళు మూసుకోమని పరీక్ష పెట్టాను. కొన్ని సరిగ్గానే చెప్పారు. కొబ్బరినూనెని మాత్రం వేళ్ళ మధ్య చాలాసేపు రుద్ది, “సరుకు మంచిదే, ఇంకో సీజను ఆడతాది” అన్నారు. అత్తయ్య నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది.

ఇంత చెప్పినా నాకు అసలైన పేచీ వీటితో కాదు. ఇంజిన్‌ని ఆయనే పడుకోబెట్టాలా, మిస్త్రీకి ఇవ్వాలా అన్నది మా ఏడాది పొడుగు వివాదం. ఊళ్ళోనే ఇందా అనే పేటలో పంపుసెట్లూ జనరేటర్లూ బాగుచేసే బెంగాలీ మిస్త్రీ ఒకడున్నాడు. అతనికి ఇమ్మని నేను.

“మిస్త్రీ సేతికి ఇత్తే అది మిస్త్రీ ఇంజినవుద్ది” అనేవారాయన. “నాను పడుకోబెడితే ఒక్క లాగుడుకి లేత్తాది. ఏటి, ఏనాడైనా లేవనేదా?”

“లేచింది మావయ్యా. మిస్త్రీ పడుకోబెడితే లేచేది కాదని ఎలా తెలుసు? పోల్చడానికి రెండోది ఏది?”

“రెండో ఇంజిను కొనమంతావా?”

“ఏదో ఒక ఏడు అతనికిచ్చి చూడమంటున్నాను.”

“నీ లేబ్‌లో సీసాలతోటి ఆడుకో తల్లీ. నది సీసా కాదు.”

నా వాదనలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ వాదన నదిని చేరడానికి ముందే, వాళ్ళిద్దరూ ఉన్న పడవ నది మధ్యలో ఆగిపోయింది.

ఆ ఏడు ఇంజిన్ లేచిన మాట నిజమే. ఒక్క లాగుడుకే లేచిందని ఆయన చెప్పారు. నేను అక్కడ లేను. రైలువంతెన దిశగా వెళ్తూండగా మూత వేడెక్కి, పొగ కక్కి, ఇంజిన్ బిగుసుకుంది. వరద నీరు పడవను పక్కవాటుగా తిప్పి వంతెన స్తంభాల వైపు లాక్కెళ్ళింది. ఆయన తెడ్డు వేస్తూనే ఉన్నారు. అత్తయ్య టిఫిన్ క్యారియరు వదిలేసి పడవ అంచు రెండు చేతులా పట్టుకుంది. వల వేస్తున్న జాలర్లు చూసి తాడు విసిరి ఒడ్డుకి లాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజిన్ విప్పి చూస్తే, నీళ్ళు చిమ్మవలసిన ఆ చిన్న కన్నంలో ఎర్రమట్టి బిరడా. గుడ్డపీలిక పక్కనున్న మరో కన్నంలో భద్రంగా ఉంది.

“కల్తీ పెట్రోలు!” అని తీర్పు చెప్పారు మావయ్య.

మట్టిబిరడా కళ్ళెదుట ఉండగా పెట్రోలును అనుమానించడం నాకు బోధపడలేదు. అయినా ఆయన అన్నారు గనక ట్యాంకులో మిగిలింది తీసి పరీక్షించాను. వడపోత కాగితం మీద చుక్క వేస్తే మరక లేకుండా ఆరింది. సాంద్రత ఉండవలసినంతే ఉంది. చెప్పాను.

“నువ్వు పరీచ్చ సేసిందాకా కల్తీ ఆగుతాదా? ఎగిరిపోద్ది” అన్నారు.

అత్తయ్య ఆ సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, మునక్కాయలు తెంపుకుంటున్నట్టు నటిస్తూ, చిన్న గొంతుతో చెప్పింది: “ఆయన సెయ్యి ఆయన్ది తల్లీ, నా పేణం నాది. ఈసారి మిస్త్రీ పడుకోబెట్టాల. నేపోతే నానెక్కను. సెప్పీసినాను.”

“ఏమన్నారు?”

“అన్నం తినకుండా ఎల్లి ఆ ఇంజిన్ పక్కన కూకున్నాడు.”

ఆ పక్కన కూర్చోవడం నాకు అర్థమైంది. ఆవిడ ఎక్కకపోతే పడవ కదలదు, నియమం ఆయనే పెట్టుకున్నారు. ఆవిడ ఎక్కాలంటే ఇంజిన్ మరొకరి చేతికి ఇవ్వాలి. రైలింజిన్ నుంచి ఒకసారి దిగారు. ఇది రెండోది. మూడోది లేదు.

సమాధుల పండుగ మర్నాడు మిస్త్రీ వచ్చాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, అత్తయ్య ఇచ్చిన టీ పట్టుకుని, “కాకూ, ఏక్ ఘంటేకా కామ్ హై, ఛోడ్ దీజియే” అన్నాడు, గంట పనే, తనకి వదిలెయ్యమని. మావయ్య స్పానర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఇవ్వలేదు. చివరికి వాళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది: చేసేది మావయ్యే, మిస్త్రీ చూస్తాడు, తప్పుంటే చెబుతాడు. అత్తయ్య దానికి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది. నన్ను సాక్షిగా కూర్చోబెట్టి, విప్పిన స్క్రూలు వేసే రొట్టెరేకును నా చేతికిచ్చారు.

గేరుపెట్టె నూనె కిందికి దిగుతూండగా నేను దాన్ని చూసి, “పాలలా ఉంది. లోపలికి నీళ్ళు వెళ్తున్నాయి. సీలు పోయింది” అన్నాను. ఈ విషయంలో నాకు సందేహం లేదు, నా జీవితమంతా చేసిన పని అది. మిస్త్రీ ఫోన్‌లోంచి తలెత్తి, “హాఁ దీదీ, సీల్ బదలనా పడేగా” అన్నాడు. “అది నీ పని, మిగతాది నాది” అన్నారు మావయ్య. మిస్త్రీ సీలు మార్చాడు. మార్చినంతసేపూ ఈల వేశాడు. ఈల వేస్తూ పని చేసేవాణ్ణి నమ్మకూడదని మావయ్య సిద్ధాంతం. ఆ గొడవ వాళ్ళిద్దరి మధ్య చాలాసేపు నడిచింది.

కొత్త నూనె నింపి, కింది స్క్రూ బిగించారు. పైస్క్రూ కోసం మావయ్య నా వైపు చెయ్యి చాచారు. నేను దాన్ని రేకులోంచి తీసి పట్టుకున్నాను. అప్పుడే మిస్త్రీ ఏదో అన్నాడు. “ఈల ఏసీవోడివి నువ్వా నాకు సెప్పీది!” అని చాచిన చెయ్యి గాలిలోకి లేచింది. దిగినప్పుడు నా వైపు రాలేదు. నేరుగా గేరుపెట్టె మీదికి వెళ్ళింది. బొటనవేలు ఆ చోటును ఒకసారి తడిమింది. చెయ్యి పైకి లేచింది.

“పైస్క్రూ టైట్!”

“టైట్!” అంది వంటిల్లు, పోపు చిటపటల మధ్యనుంచి.

మిస్త్రీ ఈల వేస్తూ ఫోన్ చూసుకుంటున్నాడు. నేను అరచెయ్యి విప్పాను. పైస్క్రూ అందులో ఉంది.

నేను దాచలేదు, ఇవ్వడానికే పట్టుకున్నాను, ఆయన తీసుకోలేదు. కానీ ఆ క్షణంలో అది దాచినదానిలాగే ఉంది. మావయ్య నా అరచేతిని చూశారు. కనబడలేదేమో, వంగి వేలితో తాకారు. తరవాత ఇంజిన్ దగ్గర తిరిగి వేలు పెట్టి, ఖాళీ కన్నాన్ని ఈసారి నెమ్మదిగా తడిమారు. మిస్త్రీ ఈల ఆగిపోయింది.

“ఏటే!” అని కేకేశారు వంటింటి వైపు. “ఇలా రా!”

అత్తయ్య గరిటెతో వచ్చింది. స్క్రూని చూసింది, ఇంజిన్‌ని చూసింది.

“సూడకుండా రిపీటు సేసినావేటే?”

“నువ్వు సూసి సెప్తన్నావనుకున్నాను.”

“నాను… నువ్వు సూసి రిపీటు సేత్తన్నావనుకున్నాను.”

“వంటింట్లోంచి నాకేటి కనబడతాదయ్యా? అక్కణ్ణించి నాకు నిమ్మసెట్టు కూడా కనబడదు.”

“మరి ఇన్నేళ్ళూ టైట్ టైట్ అన్నావు గదే!”

“నువ్వన్నావు గదా అని అన్నాను!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు అప్పుడు తెలిసింది, ఆ కేకలన్నిటిలో ఇన్నాళ్ళూ ఉన్నది రెండు కొలతలు కాదు, ఒకే కొలతా దాని ప్రతిధ్వనీ. ఇప్పుడు చూస్తే ఆ మొదటిది కూడా కొలత కాదు. పోపు మాడిన వాసన వచ్చింది.

“ఆ స్క్రూకి గాడి ఉంటాది సూడు,” అన్నారు మావయ్య. “అది నాకు కనబడతా నేదే.”

“ఎన్నాళ్ళ నించి?”

“బండి దిగినకాణ్ణించి.”

అత్తయ్య గరిటెని మిస్త్రీ చేతికిచ్చింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పి, పీట పట్టుకుని వచ్చి ఇంజిన్ పక్కన వేసుకుని కూర్చుంది. కళ్ళజోడు కొంగుతో తుడిచి పెట్టుకుంది.

“కానీ,” అంది. “మొదట్నించి.”

మొదటినుంచీ మళ్ళీ చేశారు. డ్రమ్ములో నీళ్ళతో సహా. మావయ్య చెయ్యి పని చేసింది, కేక ఆయనే వేశారు. ఆవిడ ప్రతి కేకకీ ముందు వంగి చూసి, వేలు పెట్టి చూసి, అప్పుడు గానీ పలకలేదు. “ప్లగ్గు టైట్!” అంటే, “ఆగు. నానింకా సూడ్నేదు” అంది. “పెట్రోలు బంద్!” అంటే, “బంద్ కాదు, కొంచెం ఇటు తిరిగి ఉంది” అంది. మావయ్య ముఖం ఎర్రబడి, తరవాత మామూలై, చివరికి చిత్రంగా వెలిగింది. మంచి అసిస్టెంటు దొరికిన డ్రైవరు ముఖం అలా ఉంటుంది కాబోలు. నేను ఇంజిన్ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు గనక గట్టిగా చెప్పలేను. చిన్న కన్నం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గుడ్డపీలికను లాక్కుని తానే కుక్కింది.

“కాకిమా ఎవర్నీ పాస్ చెయ్యదు దీదీ” అన్నాడు మిస్త్రీ హిందీలో, గరిటెతో అత్తయ్యను చూపిస్తూ.

“నువ్వూ రాయాల్సినోడివే పరీచ్చ,” అన్నారు మావయ్య. “నువ్వు మార్సిన సీలు ఎవుడు సూసినాడు? ఒక్కడివే సేసినావు, ఒక్కడివే ఈలేసినావు. ఇప్పు మళ్ళీ.”

మిస్త్రీకి ఇవ్వమన్న నా వాదనకి ఆ ప్రశ్న నేరుగా తగిలింది. మిస్త్రీకీ ఉన్నవి ఒక జత కళ్ళే. అతను గొణుగుతూ మళ్ళీ విప్పాడు. సీలు సరిగ్గానే ఉంది. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

వానలు వచ్చి నది నిండాక నేనూ ఒడ్డుకి వెళ్ళాను, ఈసారి కళ్ళారా చూడాలని. అత్తయ్య పడవ ఎక్కింది. ముక్కు దగ్గర కాదు, వెనక ఇంజిన్ పక్కన. టిఫిన్ క్యారియరు నా చేతికిచ్చింది. మావయ్య తాడు చుట్టి లాగారు. ఇంజిన్ దగ్గింది, ఊరుకుంది. ఆయన నా వైపు చూడకుండా మళ్ళీ లాగారు. లేచింది.

అత్తయ్య పడవ అంచు మీంచి వంగి, ఇంజిన్ చిన్న కన్నం వైపు చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యెత్తింది.

“నీళ్ళు!”

ముందుగా కేక వేసింది ఆవిడ. మావయ్య వెంటనే తిరిగి పలకలేదు. ఆ ధార ఎంత సన్నదంటే, నది మీది వెలుగులో ఆయన కళ్ళకి అది అందదు. ఆయన ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని, రెండో చెయ్యి ఇంజిన్ వెనక్కి చాచి, కన్నం కింద అరచెయ్యి పట్టారు. ధార అరచేతిలో పడింది. అలాగే కొంచెంసేపు ఉంచారు, తల పక్కకి వాల్చి. తరవాత ఆ తడిచెయ్యే పైకెత్తారు.

“నీళ్ళు!”

ఒకే సంగతిని ఇద్దరు, రెండు వేరువేరు సాధనాలతో, విడివిడిగా కొలిచారు. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన కొలత నేను అరుదుగా చూశాను. పడవ వంతెన వైపు వెళ్ళి, స్తంభాలకి దూరంగా తిరిగి, వెనక్కి వచ్చింది. వస్తూనే మావయ్య ఒడ్డు మీది జాలర్లకి అరిచి చెప్పారు, “ఒక్క లాగుడుకి లేసినాది!”

“రెండో లాగుడు మావయ్యా” అన్నాను.

“మొదటిది తాడు సరిసూసుకోడానికి లాగినాను. అది లెక్కనేదు.”

అత్తయ్యను చూశాను. “నాను ఇంజిన్‌కి సాచ్చిని. తాడుకి కాదు” అంది.

ఆ తరవాత ఏళ్ళ తరబడి వాళ్ళు అలాగే తిరిగారు. నేను పోల్చి చూసే అవకాశం మళ్ళీ రాలేదు గనక, తాను పడుకోబెట్టిందే గొప్పదన్న ఆయన సిద్ధాంతం ఇప్పటికీ రుజువు కాలేదు. తప్పని కూడా తేలలేదు.

ఈ ఏడు సమాధుల పండుగకి అత్తయ్య ఆయన సమాధికి సున్నం వేసింది. కొత్త సమాధి, సున్నం ఎక్కువ తాగింది. మర్నాడు పొద్దున్నే గోడ అవతల నుంచి మిస్త్రీ మొర వినబడింది. “దీదీ, ఒక గంట పని మధ్యాహ్నం దాకా చేయిస్తోంది కాకిమా! ఈల కూడా వెయ్యనివ్వడం లేదు!” నేను వెళ్ళి చూశాను. అతను స్పానరుతో, ఆవిడ పీట మీద కళ్ళజోడుతో. “ప్లగ్గు టైట్, కాకిమా” అంటున్నాడతను నీరసంగా. “సెయ్యెత్తి అను” అంటోంది ఆవిడ.

“వానలొచ్చాక ఎవరు నడుపుతారత్తయ్యా?” అని అడిగాను, అతను వెళ్ళాక.

“అప్పటి సంగతి అప్పుడు సూద్దాం. పడుకోబెట్టాలి గదా ముందు” అని, ఉన్నిటోపీ ఇంజిన్ తలకి తొడిగి చెవుల దాకా లాగింది. కలరా ఉండలు కూడా వేసింది. ఒకటి కిందపడితే నేనే తీసి అందించాను.

ఇక ఇవాళ్టి తాళంకప్ప. తలపిన్నుతో మట్టి గీరి తీశాను. లోపల గూటికి ఆహారంగా పెట్టుకున్న చిన్న సాలీళ్ళు కొన్ని రాలాయి. నూనె చుక్క వేసి, చెవి తిప్పి చూసి, రంధ్రం మీద జిగురు బట్టపట్టీ ముక్క అంటించాను. చెయ్యి దానంతటదే పైకి లేచింది. అలా లేస్తుందని నేను అనుకోలేదు.

“బంద్!” అన్నాను.

గోడ అవతల వంటింట్లో ఏదో వేగుతోంది. తిరిగి ఎవరూ పలకలేదు. పలకరు గదా అని చెయ్యి దించబోయాను. ఇంతలో వేగే చప్పుడు ఆగింది. పొయ్యి ఆర్పిన టక్‌మనే శబ్దం వచ్చింది. వాళ్ళ గేటు కిర్రుమంది. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చి, నా గేటు ముందు ఆగి, కళ్ళజోడు పెట్టుకుని వంగింది. పట్టీ ముక్కని దగ్గరగా చూసింది. అంచులు నాలుగూ బొటనవేలితో ఒత్తి చూసింది. ఒక మూల లేచి ఉంటే దాన్ని అదిమి అంటించింది.

అప్పుడు నిటారుగా నిలబడి, చెయ్యెత్తింది.

“బంద్.”